తూముకి తెలిసిన న్యాయం

అరుగు మీది మట్టిపెళ్లను ఎవరూ తియ్యలేదు.

నిన్న మధ్యాహ్నం బుల్లెమ్మ తెచ్చి పెట్టిన చోటే ఉంది. ఎండకి బీటలిచ్చిన, కాలువ చివరి శివారు చేను ముక్క. ఆ నెర్రెలో పొట్టకొచ్చిన వరి దుబ్బొకటి ఆకులు సన్నగా చుట్టుకుపోయి ఒక పక్కకి వాలి ఉంది. పొద్దున్న పనిమనిషి అరుగు కడుగుతూ దాని చుట్టూ నీళ్ళు పోసింది గానీ, దాన్ని ముట్టుకోలేదు. చీపురు కూడా తగలనివ్వలేదు.

శివరామరాజుగారు ఆ పెళ్లకి ఎదురుగా వాలుకుర్చీలో కూర్చున్నారు. ఇడ్లీ పళ్ళెం స్టూలు మీద అలాగే ఉంది.

"చల్లారిపోతున్నాయండి," అంది ఆయన భార్య రత్నమాణిక్యం.

"ఊళ్ళో నా పరువే చల్లారిపోయింది. ఇడ్లీలదేముందిలే."

ఆయన నీటి సంఘానికి అధ్యక్షుడైన నాటినుంచీ పెద్దబోదె కాలువ కింద ఒక్క రైతు ఆయన్ని వేలెత్తి చూపించింది లేదు. నిన్న కూడా ఎవరూ వేలెత్తలేదు. అదే ఆయన్ని తినేస్తోంది. శివారున కౌలు చేసుకునే బుల్లెమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెళ్ల అరుగు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, "రాజుగారూ, ఫోన్లో నా వంతు వెనక్కెళ్ళిపోయిందండి. ఎవరు నెట్టారని ఫోన్‌నడిగితే చెప్పట్లేదండి. మిమ్మల్నడుగుదామని వచ్చేనండి, ఆయ్," అంది. జవాబు కోసం కాసేపు నిలబడి, రాకపోతే వెళ్ళిపోయింది.

ఆ జవాబు బుల్లెమ్మ వీధి చివరికి చేరేలోపే ఊరంతా తెలిసిపోయింది. ముందుకొచ్చిన వంతు ఎగువ ఊరి వెంకటరాజుగారిది. వెంకటరాజుగారు ఈ ఇంటి పెద్దకోడలు ప్రణతి తండ్రి. ఫోన్లో ఎవరి వంతు ఎప్పుడో చెప్పే ఆ యాప్ రాసింది ప్రణతి. ఇక ఎవరికి ఏం చెప్పాలి?

"కోడలుగారేరీ?" అన్నారు శివరామరాజుగారు. కోపం వచ్చినప్పుడు ఆయన మర్యాద మరీ ఎక్కువైపోతుంది.

"గదిలో ఉందండి. తెల్లారింది మొదలు ఆ కంప్యూటరు ముందే."

"సాయంత్రం మీటింగు. అందరి ముందూ ఒక్క మాట చెప్పమను. పొరపాటైపోయింది, క్షమించండి అని. ఆ యాపూ వద్దు, గొడవా వద్దు. ఎప్పట్లాగే కాలువ నీళ్ళు వదిలే లస్కరుచేత కబురు పంపిద్దాం."

"చెయ్యని తప్పుకి క్షమాపణేంటండి?"

"చెయ్యలేదని నీకెలా తెలుసు?"

రత్నమాణిక్యం ఇడ్లీ పళ్ళెం మీద మూత పెట్టింది. నిజమే. తనకెలా తెలుసు? ఆడదాని మనసు పుట్టింటి వైపు ఒక్క చుక్కైనా ఒలకదని ఒట్టు పెట్టి చెప్పగలదా తను? మొదటి తూము కింద ఉన్న చేను తన పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. ఆ చేను ఎండుతుంటే తను మాత్రం చూస్తూ ఊరుకోగలదా?

గది తలుపు తెరుచుకుంది. ప్రణతి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జుట్టు ముడివేసుకుంది గానీ దువ్వుకోలేదు.

"మావయ్యగారూ, క్షమాపణ చెప్పాల్సొస్తే చెప్తానండి. దేనికి చెప్తున్నానో ముందు నాకు తెలియాలండి."

"ఊరందరికీ తెలిసింది నీకు తెలియలేదా అమ్మా?"

ప్రణతి అరుగు మీది పెళ్ల వైపు చూసింది. ఆయన వైపు చూడలేదు.

"పొద్దున్నే మీ నాన్నగారు ఫోన్ చేశారు," అన్నారాయన. "మా అమ్మాయి మీద మాటొచ్చేటట్టయితే మా ఇంటికి పంపించెయ్యండి అన్నారు. నేనేమని చెప్పను?"

"ఇక్కడ పని ఉంది, రాదని చెప్పండి."

అంత మాటా మెల్లగా అనేసి లోపలికి వెళ్ళిపోయింది. పెద్దకొడుకు కాకినాడ డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో ఆ పిల్ల పక్షాన నిలబడేవాళ్ళు ఎవరా అని రత్నమాణిక్యం వెతుకుతుంటే, చిన్నకొడుకు సూర్యతేజ మోటారుసైకిలు దిగి వచ్చాడు. ఆ యాప్‌లో సగం పని వాడిదే.

"నాన్నగారూ, ఎవడో హ్యాక్ చేశాడని చెప్పేద్దామండి. ఊళ్ళో ఎవరికర్థమవుతుంది?"

"ముందు నువ్వు లోపలికి పో," అంది తల్లి.

*

ప్రణతి గదిలోకి కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళిన రత్నమాణిక్యం మళ్ళీ బయటకి రాలేదు. మంచం అంచున కూర్చుండిపోయింది. వెళ్ళమని ఎవరూ అనలేదు.

"తేజా, మా నాన్నగారి వంతు ఏ పేజీలోంచి వచ్చింది?" అంది ప్రణతి.

"బదులు పేజీలోంచి, వదినా."

పెద్దబోదె మీద అదొక ఆచారం. ఎవరింట్లోనైనా పెళ్ళయినా చావైనా, ఆ ఇంటివాళ్ళ వంతు వృథా పోనివ్వరు. పక్క చేనువాళ్ళు వాడుకుని తర్వాత తమ వంతు వదులుతారు. కాగితం లేదు, సాక్షి లేదు. మాట మీద నడిచిపోతుంది. వెంకటరాజుగారి తమ్ముడి కూతురి పెళ్ళికి అలాగే పక్క చేనుతో వంతు మార్చుకున్నారు. ఆ మార్పులకోసం యాప్‌లో ఒక పేజీ ఉంది.

"ఆ పేజీ నువ్వే కదా రాసింది?"

"నేనే. అంటే... నీ పేజీ చూసి రాశాను."

"చూసి రాశావా, కాపీ కొట్టావా?"

సూర్యతేజ నీళ్ళు నమిలాడు. "మొత్తం ఎత్తి తెచ్చి, నాకు కావలసింది కింద కలుపుకున్నాను. నీది బాగా నడుస్తోంది కదా అని."

ప్రణతి కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత రెండింటినీ పక్కపక్కన తెరిచింది. రత్నమాణిక్యానికి ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగు అక్షరాలే ఈ కోడలు కాపురానికొచ్చాక కూర్చోబెట్టి నేర్పింది. అయినా కళ్ళప్పగించి చూసింది. ఎడమ పక్కా కుడి పక్కా ఒకే మగ్గం మీద నేసిన రెండు చీరల్లా ఉన్నాయి.

"ఇదిగోండి అత్తయ్యగారూ, ఇక్కడ చూడండి," ప్రణతి వేలు పెట్టి చూపించింది. "అంతా అచ్చు గుద్దినట్టుంది కదా. ఈ కాస్తా తప్ప."

"ఏముంది అందులో?"

"ముందు ఎవరు, తర్వాత ఎవరన్నదండి. మొదట్లో మన న్యాయం ఏంటి? ఎగువ చేను తడిశాక దిగువ చేను. మొన్న కాలువలో నీళ్ళు పడిపోయినప్పుడు సంఘం ఏమని తీర్మానించింది?"

"కాలువలో కొలత రాయి మీద గీత కన్నా నీళ్ళు దిగితే శివారుకే ముందు వంతని."

"ఆ మాట ఈ పేజీలో మార్చాను. ఆ పేజీలో మార్చలేదు. అక్కడ కూడా అదే మాట ఉందని నాకు తెలియలేదు. బదులు పేజీ ఇంకా పాత న్యాయమే చెబుతోంది. మా నాన్నగారిది ఎగువ చేను. అందుకని ఆయన్ని ముందుకు పెట్టింది, బుల్లెమ్మని వెనక్కి తోసింది. ఎవరు అడిగినా అలాగే తోసేది."

రత్నమాణిక్యం గుండెల మీంచి పెద్ద బరువేదో జారిపోయింది. పుట్టింటి మమకారం కాదు. దొంగతనం కాదు. ఒకచోట మారి ఇంకోచోట మారని మాట.

"నాన్నగారికి నేనే చెప్తాను," అన్నాడు సూర్యతేజ తల దించుకుని. "కాపీ కొట్టింది నేను. నా తప్పే."

"కాదు."

"కాదేంటి వదినా?"

"కాపీ కొడితే తప్ప పని జరగని చోట ఆ న్యాయాన్ని పెట్టింది నేను. అది నా తప్పు. సాయంత్రం మీటింగులో చెప్పేది ఆ మాటే."

రత్నమాణిక్యం కోడలి ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. తను ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది. పాలు పొంగిపోయినా, కోడిపెట్ట తప్పిపోయినా, ఎవరి నెత్తిన రుద్దుదామా అని చూసేవాళ్ళనే చూసింది. ఇంకొకరి నెత్తిన పడబోతున్న తప్పుని చెయ్యి చాపి తన నెత్తికి తెచ్చుకున్న మనిషిని ఇదే చూడడం.

"మరి ఎక్కడ పెట్టాలమ్మా ఆ న్యాయం?" అని అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

ప్రణతి కుర్చీ ఇటు తిప్పింది.

"మీకు మన లస్కరు తెలుసు కదండి. ఎవరో వచ్చి, ఒరే నా వంతు పెట్టరా అంటారు. వింటాడు, వెళ్ళి అడుగుతాడు, జవాబు తెచ్చి చెప్తాడు. యాప్‌లో ఇలాంటి పని చేసేవాటిని మేం కంట్రోలర్లంటాం. అంతవరకే వీటి పని. అలాంటి లస్కర్లు మనకి ముగ్గురున్నారు. కొత్త వంతుకొకడు, బదులుకొకడు, అధ్యక్షుడిగా మావయ్యగారి పేజీకొకడు. నేను ముగ్గురి చేతిలోనూ న్యాయం పెట్టాను."

"లస్కరు చేతిలో న్యాయం పెడితే ఇంకేమన్నా ఉందా! లస్కరుకో న్యాయం అయిపోద్ది."

"అదేనండి జరిగింది. మాట మారినప్పుడు ఒకడికే కబురు పంపాను."

"మన ఇంట్లో పులుసులో ఉప్పులాగన్నమాట," అన్నాడు సూర్యతేజ. "అమ్మ వేస్తుంది, నువ్వేస్తావు, వంటామె వేస్తుంది."

"వేసుకుని తింటున్నావు కదరా ఇన్నాళ్ళూ," అంది తల్లి. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో నిన్నటినుంచి అదే మొదటి నవ్వు.

నవ్వు అయ్యాక వదినా మరుదుల మధ్య వాదన మొదలైంది. న్యాయం ఎక్కడ ఉండాలన్నది. లోపల చేను ఉంది, వంతు ఉంది, తూము ఉంది. వీటిని మోడళ్ళంటారట. ఒకదానికొకటి చుట్టరికం. వంతు చేనుకి చెందుతుంది, చేను తూముకి చెందుతుంది.

"వంతులోనే పెట్టెయ్ వదినా. గొడవంతా వంతు గురించే కదా."

"వంతుకి తన సంగతి తప్ప ఏం తెలుసు తేజా? నేను ఫలానా పూట వస్తాను, ఇంతసేపుంటాను. అంతే."

"పోనీ చేను?"

"చేనుకి దాని గట్టు వరకే తెలుసు. గట్టవతల ఎవరు ఎండుతున్నారో దానికెలా తెలుస్తుంది?"

సూర్యతేజ ఆలోచించాడు. "తూముకి తెలుసు," అన్నాడు నెమ్మదిగా. "దాని కింద ఎవరెవరున్నారో, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో దానికొక్కదానికే తెలుసు."

"అయితే దాన్నే అడుగుదాం."

రత్నమాణిక్యం మంచం అంచునుంచి ముందుకి జరిగింది. గట్టు దాటి చూడలేని చేను. తన సంగతి తప్ప తెలియని వంతు. ఇవన్నీ తను పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. వాటిలో ఏది ఎంతవరకు చూడగలదో ఒకరు కూర్చుని ఇలా తూచి చెప్పగా ఎన్నడూ వినలేదు.

కోడలు ఇక రాయడం మొదలుపెడుతుందనుకుంది. ప్రణతి చెరపడం మొదలుపెట్టింది. ఒక పేజీ తెరిచి చెరిపింది. ఇంకో పేజీ తెరిచి చెరిపింది.

"అయ్యో, అంతా చెరిపేస్తున్నావేంటమ్మా?"

"లస్కర్లు గుర్తు పెట్టుకోవాల్సింది తగ్గిస్తున్నానండి. ఇక వాళ్ళకి తూముని అడగడం వస్తే చాలు."

ఆఖరున తూము అన్నచోట కాస్తంత రాసింది. పిడికెడు కూడా లేదు. ఊరంతా తగువులాడుకున్న మాట అందులో ఇమిడిపోయింది.

సూర్యతేజ పరీక్ష పెట్టాడు. కొత్త వంతు అడిగినట్టు అడిగాడు. బదులు అడిగినట్టు అడిగాడు. అధ్యక్షుడి పేజీలోంచి తండ్రి అడిగినట్టు అడిగాడు. కావాలని తప్పుడు దారిలో కూడా అడిగి చూశాడు. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా లోపలినుంచి ఒక్కటే జవాబు వచ్చింది. శివారుకి ముందు.

చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని ధవళేశ్వరం ఆనకట్ట చూసిన రోజు గుర్తొచ్చింది రత్నమాణిక్యానికి. కంటికి అందనంత గోదావరి ఒక రాతిగోడ దగ్గర ఆగి, తలవంచి, చెప్పిన కాలువలోకి చెప్పినంత వెళ్తోంది. ఆ గోడకి గుర్రబ్బళ్ళతో రాళ్ళు మోశారని చెప్పాడు నాన్న. ఈ పిల్ల చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని, వేళ్ళతో కట్టేసింది.

"అత్తయ్యగారూ, వరస చదవండి."

తెర మీద పేర్లు తెలుగులో ఉన్నాయి. అన్నీ ఒక్కసారి కదిలి, సర్దుకుని, నిలబడ్డాయి. అట్టడుగున ఉన్న పేరొకటి పైకి వచ్చి కూర్చుంది. రత్నమాణిక్యం వేలు పెట్టి కూడబలుక్కుంది.

"బు... ల్లె... మ్మ."

కళ్ళు తుడుచుకుని వేలు కిందికి జరిపింది. ఈ సాయంత్రం రావాల్సిన వంతు తమదే. ఆ చోట ఇంకెవరిదో పేరుంది. ఇంకా కిందికి జరిపింది. ఇంకా కిందికి.

తన పేరు చిట్టచివర్న ఉంది.

*

"మన చేనేదీ?"

శివరామరాజుగారు ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. కళ్ళజోడు పైకెత్తి తెర వైపు వంగి ఉన్నారు. సూర్యతేజ జరిగిందంతా చెప్పాడు, తన కాపీతో సహా. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. మొత్తం విన్నాక కోడలి వైపు తిరిగారు.

"నీ మీద మాట పడింది. అది తప్పే. నేను ఊళ్ళో చెప్తాను." మళ్ళీ తెర వైపు వంగారు. "మన చేనేదీ అన్నాను."

"కిందికెళ్ళిందండి. మీ పేజీలో కూడా పాత న్యాయమే ఉండిపోయింది. అందువల్లే ఇన్నాళ్ళూ మనం ముందున్నాం."

"అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయిందా ఇది?"

"ఇంకా లేదండి. నొక్కితే వెళ్తుంది."

"అయితే రేపు నొక్కు. ఈ పూట మన చేను తడవనీ. మనదీ పొట్ట మీదే ఉంది."

"రేపటికి శివారు..." అంది ప్రణతి. అరుగు మీది పెళ్ల ఆ గదిలోంచి కనిపించదు, స్తంభం అడ్డం. అయినా నలుగురూ దాన్నే చూస్తున్నట్టయింది.

"పోనీ మన ఒక్క చేనుకీ పక్కన చోటు పెట్టు. నిన్నటిదాకా నా పేజీలో కుదిరింది కదా."

"నిన్నటిదాకా కుదిరిందండి. ఇప్పుడు మీ పేజీ కూడా తూమునే అడుగుతుంది. మన ఒక్కరికోసం మార్చాలంటే తూముకే అబద్ధం నేర్పాలి మావయ్యగారూ. దానికి నేర్పితే ప్రతి ఇంటికీ అదే అబద్ధం చెప్తుంది."

"అయితే సంఘానికి అధ్యక్షుణ్ణి నేనా, ఆ తూమా?"

సూర్యతేజ నోరు తెరవబోయాడు. తల్లి చూసిన చూపుకి మూసేశాడు.

"ఏవండీ," అంది రత్నమాణిక్యం. "ఆ చేను ఎవరి పేరున ఉందండి?"

"నీ పేరున. దానికేం?"

"మా నాన్న నాకు పసుపుకుంకుమకి ఇచ్చాడు. దాంట్లో ఏ విత్తనం చల్లాలో, ఎప్పుడు కోయించాలో ఇన్నేళ్ళలో నన్నొక్కనాడన్నా అడిగారా?"

"ఇప్పుడదంతా ఎందుకు మాణిక్యం? ఏమని అడగమంటావ్?"

"అడగొద్దండి. నేనే చెప్తున్నాను. నా వంతు ఆఖరికే పోనివ్వండి." వేలు ఇంకా తెర మీది తన పేరు దగ్గరే ఉంది. "నా చేనుకి గట్టవతల కనబడదండి. నాకు నిన్నటినుంచీ కనబడుతోంది."

శివరామరాజుగారు భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"నొక్కమ్మా," అంది ఆవిడ.

ప్రణతి మావగారి వైపు చూసింది. ఆయన ఔననలేదు. కాదనలేదు. ఆ పిల్ల మీట నొక్కింది.

ఆయన జేబులో ఫోన్ మోగింది. సూర్యతేజ చేతిలో మోగింది. వంటింట్లో ఫ్రిజ్ మీద రత్నమాణిక్యం ఫోన్ మోగింది. పక్కింట్లో కూడా ఒకటి మోగింది. పెద్దబోదె పొడుగునా, ఎగువ ఊరినుంచి శివారుదాకా, ఒకే మాట ఒకేసారి పాకిపోతోంది.

శివరామరాజుగారు బయటికి నడిచారు.

అరుగు మూల గోడకి ఆనించి తూముల షట్టర్లు తిప్పే ఇనపహ్యాండిలు ఉంటుంది. కాలువ తగ్గినప్పుడు లస్కరు దగ్గర ఉంచరు. అధ్యక్షుడి ఇంట్లో పెడతారు. అదీ ఆచారమే. ఎన్ని ఫోన్లు మోగినా, ఆ ఇనుము తిప్పితేనే షట్టరు లేచేది. ఆయన దాన్ని భుజాన వేసుకోవడం ముగ్గురూ కిటికీలోంచి చూశారు. తర్వాత అరుగు మీద ఏదో పనున్నట్టు కాసేపు వంగారు. స్తంభం అడ్డం వచ్చింది.

"నాన్నగారూ, నేనూ వస్తానండి," అని సూర్యతేజ పరిగెత్తాడు.

"అక్కర్లేదు," అన్న మాట గేటు దగ్గర్నుంచి వినిపించింది.

అత్తాకోడళ్ళు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. కాలువగట్టు ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే మొదటి తూము, వాళ్ళ చేను. కుడికి వెళ్తే గట్టెంబడి చాలా దూరం నడవాలి. అక్కడ శివారు. చీలిక దగ్గర కొబ్బరిమొక్కల నర్సరీ ఒకటి దట్టంగా పెరిగి ఉంది. భుజాన ఇనుముతో ఆయన తెల్లటి లాల్చీ ఆ పచ్చదనం వెనక్కి వెళ్ళింది. ఎటు తేలుతుందోనని ఇద్దరూ కళ్ళార్పకుండా చూశారు. అరటాకుల లోడు లారీ ఒకటి అడ్డంగా వచ్చి, దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము అణిగేసరికి గట్టు మీద ఎవరూ లేరు.

"ఎటెళ్ళారండి?" అంది ప్రణతి.

రత్నమాణిక్యం వెనక్కి తిరిగి మెట్టెక్కబోయి ఆగిపోయింది.

అరుగు మీద మట్టిపెళ్ల లేదు. అది ఉన్నచోట నల్లటి మన్ను గుండ్రంగా మరక కట్టి ఉంది.

పారేశారో, పట్టుకెళ్ళారో.